పైడయ్యకి వచ్చిన ఒకే ఒక్క ఇంగ్లీషు ముక్క

అనగనగా గోనెసంచులు నేసే ఒక మిల్లు, ఆ మిల్లు చుట్టూ ఒక ఊరు. ఆ ఊళ్ళో పైడయ్య అని మిల్లు కార్మికుడు ఒకడుండేవాడు. ఆయనకి వరహాలు అని ఒక్కతే కూతురు. తల్లి లేని పిల్ల. ఇలా దగ్గరికి జరుగు, దుప్పటి కప్పుకో, చెబుతాను.

వరహాలుకి నర్సు అవ్వాలని ఆశ. మిల్లు దుమ్ము పీల్చి పీల్చి దగ్గుతూ వచ్చే నాన్నని రోజూ చూసి చూసి పుట్టిన ఆశ అది. నర్సు ట్రైనింగు కోసం మిగతా పరీక్షలన్నీ గట్టెక్కింది గానీ ఇంగ్లీషు దగ్గర చతికిలబడింది. ఒకసారి తప్పింది. ఆ తర్వాత ఇంకోసారి తప్పింది. మూడోసారి కూడా తప్పితే ఇక రాయనివ్వరు. మిల్లులో కూర్చుని సంచులు కుట్టుకోవడమే.

అప్పుడు ఒక ట్యూషన్ మాస్టారి దగ్గర చేరింది. "వ్యాసంలో ఇఫ్ ఉండాలి. ఇఫ్ లేని పేపరుకి మార్కులు రాలవు," అనేవాడాయన.

మనకి ఒక్క 'తే' చాలు కదా. వస్తే, పోతే, తింటే, పడుకుంటే. ఇంగ్లీషువాళ్ళకి మూడు రకాలట. జరగబోయేదానికి ఒక ఇఫ్. ఎన్నటికీ జరగనిదానికి ఒక ఇఫ్. జరిగిపోయి, ఇక దిద్దుకోలేనిదానికి మరో ఇఫ్. ఆ మూడోదే కష్టం. అది తప్పు లేకుండా రాస్తే పేపరు దిద్దేవాళ్ళు ఇట్టే పడిపోతారట.

ఆ మాస్టారు మహా గడుసువాడు. అందరికీ ఒకే వాక్యం ఇస్తే దొరికిపోతారని, ఏ పిల్లకి ఆ పిల్ల ఇంట్లో ఉన్న లోటు వెతికి, దానికి ఇఫ్ తగిలించి ఇచ్చేవాడు. చదువు చెప్పమంటే ఇళ్ళల్లో పుండ్లు వెతికాడు, ఆయన నోరు పడిపోను.

వరహాలుకి ఇచ్చిన వాక్యం ఇది. "ఇఫ్ మై ఫాదర్ హాడ్ బీన్ ఎడ్యుకేటెడ్, ఐ వుడ్ నాట్ హావ్ ఫెయిల్డ్." మా నాన్నకి చదువు ఉండుంటే నేను తప్పి ఉండేదాన్ని కాదు అని దానర్థం. దాని వెనకాల జాలి పుట్టేలా ఇంకో పది వాక్యాలు.

వరహాలు రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని పైకి చదివేది. షిఫ్టు దిగి వచ్చిన పైడయ్య పక్కనే కూర్చుని వినేవాడు. ఆయనకి అక్షరం ముక్క రాదు. కానీ ఫాదర్ అంటే నాన్న అని మాత్రం తెలుసు. ఒకరోజు ఆ మాట చెవిన పడింది.

"నా మీదేటైనా రాసినావేటమ్మా?" అన్నాడు, మొహం చాటంత చేసుకుని.

వరహాలు చటుక్కున పుస్తకం మూసింది. నిజం నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేసింది.

"మంచే రాశానయ్యా," అంది.

ఇంకేముంది! ఆ రోజు నించి పైడయ్య ఆ వాక్యం వల్లె వేయడం మొదలుపెట్టాడు. కూతురు చదివితే వెనకాల తనూ అనేవాడు. పదిహేను రోజులకి తడుముకోకుండా వచ్చేసింది. పిచ్చి తండ్రి.

అప్పుడు కిళ్ళీకొట్టు అతనికి అప్పజెప్పాడు. అతను భలే అన్నాడు. ఆ తర్వాత క్యాంటీన్లో టీ తాగుతూ తోటివాళ్ళకి అప్పజెప్పాడు. వాళ్ళూ భలే అన్నారు. వాళ్ళకి మాత్రం ఇంగ్లీషు ఎక్కడొచ్చి ఏడ్చింది?

ఆ తర్వాత మిల్లుకి కొత్త మేనేజరుగారు వచ్చారు. హాజరు రాసే టైమ్‌కీపర్ని వెంటబెట్టుకుని మగ్గాలన్నీ చూసుకుంటూ పైడయ్య దగ్గర ఆగారు. జుట్టు నిండా నార దుమ్ముతో ఉన్న పైడయ్య చేతులు కట్టుకుని, గొంతు సవరించుకుని, ఒక్క అక్షరం పొల్లు పోకుండా ఆ వాక్యం అప్పజెప్పాడు.

"నా కూతురు నా మీద రాసిందండి," అన్నాడు.

టైమ్‌కీపరు కిసుక్కుమన్నాడు. మేనేజరుగారు నవ్వలేదు. ఆయన మంచివాడే. మంచివాడు కాబట్టే పైడయ్య భుజం మీద చెయ్యేసి, దానర్థం ఏమిటో నెమ్మదిగా తెలుగులో చెప్పారు.

మధ్యాహ్నం కూత వేసేసరికి టైమ్‌కీపరు పుణ్యమా అని మిల్లంతా గుప్పుమంది. అప్పట్నించి ఆయన పేరు ఇఫ్ పైడయ్య.

ఆ సాయంత్రం పైడయ్య ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిన్నాడు. వరహాలు పుస్తకం తెరవగానే తువ్వాలు భుజానేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. రెండో రోజూ అంతే. మూడో రోజు కుళాయి దగ్గర టైమ్‌కీపరు పెళ్ళాం నవ్వుతూ జరిగిందంతా చెప్పింది. వరహాలు బిందె అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చి నాన్న కాళ్ళ మీద పడింది.

"మాస్టారు ఇచ్చారయ్యా. మార్కుల కోసమేనయ్యా."

"ఏడవకమ్మా. తప్పేటుంది? నాకు సదువు లేదు, నువ్వు తప్పినావు. రెండూ నిజాలే కదేటి."

కొట్టినా బాగుండేదనిపించింది ఆ పిల్లకి.

"ఆ మాట పరీక్షలో రాయనయ్యా. నీ మీదొట్టు," అని ఆయన నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసింది.

ఆ తర్వాత పరీక్ష రోజు వచ్చింది. మీ జీవితంలో మార్చుకోవాలనుకునే సంగతి గురించి రాయండి అని వ్యాసం ఇచ్చారు. వరహాలు వేరే ఏదైనా రాద్దామనుకుంది. బస్సు తప్పిపోవడం గురించి మొదలుపెట్టి కొట్టేసింది. వాన గురించి మొదలుపెట్టి కొట్టేసింది. అమ్మ గురించి రాయబోతే హాడ్ ఎక్కడ, వుడ్ ఎక్కడ అన్నీ కలగాపులగం అయిపోయాయి. తప్పు లేకుండా వచ్చిన మూడో రకం ఇఫ్ ఆ పిల్లకి లోకంలో ఒక్కటే.

అప్పుడు పది నిమిషాలే ఉందని గంట కొట్టారు. కళ్ళ ముందు సంచులు కుట్టే సూది కనబడింది. ఒట్టు తీసి గట్టున పెట్టింది. చెయ్యి దానంతటదే రాసుకుపోయింది, వెనకాల ఉన్న పది వాక్యాలతో సహా. రాస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది, కానీ ఆగలేదు. నేను తప్పు పట్టను. నీకూ పరీక్షలొస్తాయి, అప్పుడు తెలుస్తుంది.

వరహాలు పాసయింది. పైడయ్య జిలేబీలు తెచ్చి తమ వరసలో ఉన్న ఇళ్ళన్నిటికీ పంచాడు. తనని వెక్కిరించిన టైమ్‌కీపరింటికి కూడా ఇచ్చి వచ్చాడు. అందరూ వెళ్ళాక కూతురి పక్కన కూర్చున్నాడు.

"ఆ మాట రాసినావేటమ్మా?"

"లేదయ్యా."

పైడయ్య జిలేబీ ముక్క తుంచి ఆ పిల్ల నోట్లో పెట్టాడు.

"రాసినా తప్పు లేదమ్మా. రాయకుండా ఉండుంటే నువ్వు పాసయ్యుండేదానివి కావు," అన్నాడు.

జిలేబీ మింగుడు పడలేదు. ఉమ్మేయడానికీ లేదు.

ఆ తర్వాత వరహాలు నర్సయింది. తెల్లబట్టలు కట్టుకుంది, జీతం తెచ్చింది, నాన్న దగ్గుకి తన చేత్తోనే మందు పోసింది. పైడయ్య కూతుర్ని ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. కానీ ఆ పిల్ల ముందు మళ్ళీ ఇంగ్లీషు మాట ఒక్కటి పలికితే ఒట్టు. బస్సుని కూడా బండి అనేవాడు.

కథేమో కంచి దారి పట్టె,
వరహాలేమో కొలువులో చేరె,
మాటేమో గొంతులో మిగిలె,
మంచమేమో మనకి మిగిలె.
ఇక కళ్ళు మూసుకో, నా తల్లి.