కుండెడు నల్ల బురద

గవరయ్యకు మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. ఉప్పుటేటికి పూడిక తీస్తామని ఊళ్ళో దండోరా వేశారు. ఇవాల్టికి పదో రోజున సభ పెట్టి పని మొదలుపెడతారట, తీసిన బురద గట్టున పోస్తారట. ఇక పడవలు ఇళ్ళదాకా వస్తాయని ఊరంతా సంబరంగా ఉంది.

అతను ఫకీరు ఖాసిం షా దగ్గర శిష్యుడిగా చేరి తొమ్మిదేళ్ళయింది. అంతకుముందు ఏటి ఒడ్డున ఇనుప సామానుకు రాగి, నికెల్ పూత వేసే షెడ్డులో మేస్త్రీ. తొట్లలో మిగిలిన విషపు నీళ్ళను ఏట్లోకి వదిలేవాడు. సముద్రం పట్టుకుపోతుందిలే అనుకున్నాడు. పదకొండేళ్ళు అలాగే వదిలాడు. ఆ ఏటి గుల్లలు వండుకు తిని, ఊళ్ళో నూకాలమ్మ అనే ఆమె పిల్లలిద్దరూ వారం తేడాతో పోయారు. ఊరు అమ్మవారి కోపమనుకుంది. అందరితోపాటు గవరయ్య కూడా జాతరకు చందా ఇచ్చాడు. తర్వాత షెడ్డు మూతపడింది. ఈ సంగతి అతను చెప్పుకున్నది ఒక్క గురువుకే.

"బాబా, ఏరు ఇప్పుడు తేటగా ఉంది. చేపలొచ్చాయి, పీతలొచ్చాయి. నేనూ మారాను. ఏరే మరిచిపోయినదాన్ని నేను మళ్ళీ ఎత్తడమెందుకు?" అని అడిగాడు గవరయ్య.

తొమ్మిదేళ్ళు నోరు మూసుకుంటే మనిషికి అది మంచితనంలాగే కనిపిస్తుంది మరి.

ఖాసిం షా ఫకీరు కాకముందు ఊరూరా తిరిగి గిన్నెలకు కళాయి పూసినవాడు. లోహాల సంగతి ఆయనకు తెలుసు. "షెడ్డు కాలువ కలిసే చోట, అడుగునుంచి కుండెడు బురద పట్టుకురా" అన్నాడు.

గవరయ్య తొడలదాకా దిగబడి తెచ్చాడు. బురద కాటుకలా ఉంది. కుళ్ళిన కోడిగుడ్ల కంపు కొడుతోంది.

"గాలి చొరని బురద ఇది. నువ్వు వదిలిన రాగి ఇందులోనే ఉంది. గాలి తగలనంతకాలం ఇది దాన్ని వదిలిపెట్టదు" అన్నాడు గురువు. "ఎండలో ఆరబెట్టు."

రోజూ గవరయ్య చేతనే దాన్ని తిరగేయించాడు. ఐదో రోజుకు నలుపు పోయి తుప్పురంగు తేలింది. కంపు కూడా పోయింది. గవరయ్య ప్రాణం కాస్త కుదుటపడింది.

"చూశారా బాబా, మంచి మట్టయిపోయింది."

గురువు ఆ మట్టిని కుండలో వేసి ఏటి నీళ్ళు పోశాడు. "రెండు చేపపిల్లల్ని పట్టుకురా."

"రెండా బాబా?"

గురువు కుండను అతని ముందుకు జరిపాడు.

పొద్దున వేసిన చేపలు మధ్యాహ్నం నమాజు వేళకు నోళ్ళు పైకెత్తి గుటకలు వేయసాగాయి. గురువు నమాజు ముగించుకుని వచ్చేసరికి ఒకటి వెల్లకిలా తేలింది. రెండోది ఇంకా తిరుగుతోంది. గవరయ్య చూడలేక లేచాడు. గురువు అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. రెండోదీ తేలేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

ఏటి అడుగును తవ్వి గట్టున పోస్తే ఏమవుతుందో ఇక గవరయ్యకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఊరి పిల్లలు ఆడుకునేది ఆ గట్టు మీదే. వాన పడితే ఆ మట్టి కడిగిన నీళ్ళన్నీ మళ్ళీ ఏట్లోకే.

అతనికి భయం వేసింది. "చెబితే నన్ను చంపేస్తారు బాబా."

"చంపొచ్చు" అన్నాడు గురువు. చచ్చిన చేపలతో సహా కుండను ఎత్తి అతని నెత్తిన పెట్టాడు.

"బరువుందా?"

"ఉంది బాబా."

"ఇన్నేళ్ళూ ఏరు మోసింది."

సభకు ఇంకా నాలుగు రోజులున్నాయి. గవరయ్య కుండతో నూకాలమ్మ ఇంటివైపు నడిచాడు.