కొండ మీది రాచదొండ

సోమశేఖర మహారాజుకు దొండకాయ వేపుడంటే ప్రాణం. ఆ ముచ్చట ముదిరి ఒకనాడు చాటింపు వేయించారు.

"రాచతోట దొండపాదు మాకు మాత్రమే సొంతం. దాని జోలికి ఎవరు వెళ్లినా శిక్ష తప్పదు."

ఆ చాటింపు పిట్టల చెవికెక్కలేదు. పండిన దొండపళ్లు తిని, గింజలను ఊరి పక్క కొండ మీద వదిలాయి. రెండేళ్లు తిరిగేసరికి తీగలు పొదలన్నిటినీ కప్పేశాయి. నీళ్లు పోసే దిక్కు లేదు, పందిరి వేసే దిక్కు లేదు, అయినా తోటలోకంటే ఏపుగా ఉన్నాయి.

తోటల అధికారి దండపాణి కంట అది పడింది. తీగలు మేస్తున్న పోలమ్మ మేకలను తోలుకెళ్లి బందెలదొడ్డిలో పెట్టించాడు.

పోలమ్మ ఏడుస్తూ సభకు వచ్చింది. "ఆ మేకలే నాకు కూడు పెట్టేది దొరా. కొండ మీది తీగ రాచవారిదని నాకేం ఎరుక?"

"అది మన తోట విత్తనమే ప్రభూ. ఆకు చూసి చెప్పగలను," అన్నాడు దండపాణి మీసం సవరించుకుంటూ.

రాజుగారికి పోలమ్మ మీద జాలి కలిగింది. కానీ చాటింపు తనదే అయిపోయె. దిక్కు తోచక, తాంబూలం అందించే ఓబన్న వైపు చూశారు. చిక్కొచ్చినప్పుడల్లా ఆయన చూసేది అటువైపే.

"అధికారిగారు చెప్పాక ఇంకేముంది, అది రాచదొండే," అన్నాడు ఓబన్న. పోలమ్మ మొహం వాడిపోయింది.

ఓబన్న భటుణ్ణి పంపి కొండ మీది కాయలు బుట్టెడు తెప్పించాడు.

"మన తోట కాయ ఏదైనా అధికారిగారు రుచి చూశాకే కదా వంటింటికి వెళ్లేది. కానివ్వండి అయ్యా."

దండపాణి ఒక కాయ కొరికాడు. కొండ మీద పెరిగిన దొండ చేదెక్కిందని అతనికి అప్పుడే తెలిసింది. దానికంటే వేపాకు నయం. కళ్లలో నీళ్లు తిరిగాయి. పరువు కోసం మింగేశాడు పాపం.

"ఎలా ఉంది?" అన్నారు రాజుగారు.

"బ్ర... బ్రహ్మాండం ప్రభూ."

"అయితే ఈ పూట ప్రభువులకు వీటినే వేపుడు చేయిద్దాం," అన్నాడు ఓబన్న.

దండపాణి గబుక్కున బుట్టకు అడ్డం వచ్చాడు. ఆ చేదు రాజుగారి నాలుకకు తగిలితే తన కొలువు ఊడినట్టే.

"ఆగండి ప్రభూ. సరిగ్గా చూస్తే ఇది మన దొండ కాదు. ఎక్కడిదో అడవి తీగ."

ఓబన్న అమాయకంగా అడిగాడు:

"మరి అడవి తీగ మేసిన మేకలకు బందెలదొడ్డిలో ఏం పనండీ?"

రాజుగారు ఒక కాయ కొరికి, ఠక్కున ఉమ్మేసి, పగలబడి నవ్వారు. "దీన్ని మింగి బ్రహ్మాండమన్నావా దండపాణీ? నీ గుండె గట్టిది."

సభంతా గొల్లుమంది. రాజుగారు తన చేతి కడియం తీసి ఓబన్నకు తొడిగారు. కొండ మీది దొండ ఇకమీదట పోలమ్మ మేకలదేనని అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చారు.