కంప్యూటర్లో పెళ్ళిచూపులు

దేవుడు తెలివి పంచుతుంటే మొదటి బుట్ట తమ ఇంటికే వచ్చిందని పెసరవలసలో సన్యాసమ్మ అందరికీ చెప్పేది. పెద్దకొడుకు సింహాచలం నిజమేనని తలూపేవాడు. చిన్నకొడుకు పోలినాయుడు తలూపడం మర్చిపోయి చప్పట్లు కొట్టేవాడు. ఇక పెద్దకోడలు గౌరీశ్వరికైతే, ఆ బుట్ట అడుగున మిగిలిందంతా తనకే దక్కిందని గట్టి నమ్మకం.

పోలినాయుడికి అప్పటికే నాలుగు సంబంధాలు తప్పిపోయాయి. ఐదోది బరంపురం సంబంధం. పిల్ల తండ్రి తవిటినాయుడికి కాలు విరిగింది. "ప్రయాణం చెయ్యలేం. ఆదివారం పదకొండింటికి మీ కంప్యూటర్లోకి వస్తాం" అని కబురు పెట్టాడు.

ఇంకేముంది! గుమ్మానికి కట్టాల్సిన మావిడాకులు కంప్యూటర్‌కి కట్టారు.

"ఐదుగురు వస్తారట. ఇంత డబ్బాలో ఎలా ఇముడుతారే?" అంది సన్యాసమ్మ.

"కాలు విరిగినాయన్ని ముందు కూర్చోబెడితే సరి, అత్తమ్మా" అంది గౌరి.

ఆదివారం పదింటికి చూస్తే తెర నల్లగా ఉంది. డబ్బా మీద చిన్న దీపం మిణుకుమంటోంది గానీ ఉలుకూ లేదు, పలుకూ లేదు. గౌరి గబగబా ఫోన్ అందుకుంది. ఇదీ తప్పిపోతే మరిది బ్రహ్మచారిగానే మిగులుతాడు! కంప్యూటర్లు బాగుచేసే భుజంగరావుకి ఫోన్ చేసింది.

"నిద్రలోకి వెళ్ళుంటుందమ్మా. లేపండి" అన్నాడతను.

అంతే! అన్న ఇటు, తమ్ముడు అటు పట్టి నెత్తిదాకా లేపారు.

"లేపాం బాబూ. ఇంకా ఎంత ఎత్తు?" అంది గౌరి.

"ఎత్తేమిటమ్మా! ఏదో ఒక మీట నొక్కండి, అదే లేస్తుంది."

"అదే లేస్తుందట, దించెయ్యండి" అంది గౌరి. ఇంట్లో మీటలు పద్నాలుగున్నాయి. ఒక్కటీ వదల్లేదు. ఫ్యాను తిరిగింది. మోటారు కదిలి ట్యాంకు పొంగింది. మూతలేని మిక్సీ గిర్రున తిరిగి, పెళ్ళికొడుకు తెల్లచొక్కా కాస్తా అల్లప్పచ్చడైంది. కంప్యూటర్ మాత్రం లేవలేదు.

"అయితే కరెంటు తీసేసి, పది నిమిషాలు ఆగి, మళ్ళీ పెట్టి, డబ్బా మీది పెద్ద బొత్తాం నొక్కండి" అన్నాడు భుజంగరావు నీరసంగా.

సింహాచలం కరెంటు తీసేశాడు. "ఆగండి!" అని కేకేసింది గౌరి. ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. సన్యాసమ్మ ఒక కాలు గడప మీద, ఒక కాలు గాల్లో. ఇంతలో పక్కింటి మేక వచ్చి, పెళ్ళివారికని చేసిన కాజాలు ఒక్కొక్కటే నమలసాగింది. గౌరి ప్రాణం విలవిల్లాడింది. అయినా రెప్ప వేస్తే ఒట్టు.

"అమ్మా, ముక్కు దురద" అన్నాడు పోలినాయుడు పళ్ళబిగువున.

"పెళ్ళి కావాలా, ముక్కు కావాలా?" అంది తల్లి, ఒంటికాలి మీద ఊగుతూ.

పది నిమిషాలయ్యాయి. కరెంటు పెట్టి బొత్తాం నొక్కితే, కుయ్యిమని తెర వెలిగింది! సరిగ్గా పదకొండింటికి గంట మోగింది. గౌరి తెరమీది పచ్చబొమ్మ నొక్కింది. తవిటినాయుడు ప్రత్యక్షమయ్యాడు, పక్కనే కూతురు వరాలు, వెనక మరో ముగ్గురు. పచ్చడిలో మునిగిన పెళ్ళికొడుకుని చూసి ఆ పిల్ల ఫక్కున నవ్వింది.

"మా పిల్ల నవ్విందంటే నచ్చినట్టే. ఇక తాంబూలాలు పుచ్చుకుందాం, ఏమంటారు?" అన్నాడు తవిటినాయుడు.

గౌరికి సంతోషంతో కాళ్ళు నేలమీద ఆనలేదు. పోలినాయుడు సిగ్గుపడుతూ డబ్బా మీద చెయ్యి వేశాడు. ఏ బొత్తాం నొక్కాడో ఏమో, సీడీలు పెట్టే పళ్ళెం జర్రున బయటికొచ్చింది.

"తాంబూలాలు అన్నారో లేదో పళ్ళెం చాపారు! ఎంత మర్యాదస్తులో" అని మురిసిపోయింది గౌరి. ఆరు తమలపాకులు, రెండు వక్కలు, ఓ అరటిపండు, కాస్త సున్నం అందులో పెట్టి, "పుచ్చుకోండి బాబాయిగారూ" అంటూ లోపలికి నెట్టింది.

లోపల కరకరమంది. గుర్రుమంది. సన్నగా పొగ వచ్చింది. తెర ఆరిపోయింది.

"ఏమైందే? మాట లేదేం?" అంది సన్యాసమ్మ కంగారుగా.

"ష్! నోటినిండా తాంబూలం ఉంది అత్తమ్మా, ఎలా మాట్లాడతారు?" అంటూ గౌరి, పాపం ఉమ్మేసుకుంటారని, డబ్బా ముందు ఓ ఇత్తడి చెంబు పెట్టింది.