తెర వెనక నుంచి ఇచ్చిన బహుమతులు

నాలో ఒక సుగుణం ఉంది. నేను చెప్పకపోతే ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను: నా అభిరుచి అంటే నాకు చాలా గౌరవం. సినిమా బాగుందా లేదా అని ఎవరినైనా అడగాలనిపిస్తే ముందు నన్నే అడుగుతాను. జవాబు వెంటనే వస్తుంది. ఆ జవాబు ఎప్పుడూ నాకు నచ్చుతుంది.

నేను గాడిదను. పేరు గంధం. "గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన" అని పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. వినగా వినగా ఆ సామెతలో నచ్చిన ముక్క తీసుకుని పేరు పెట్టుకున్నాను.

ఎలుగుబంటి భల్లయ్యకి డేరా సినిమా ఉంది. అడవి అంచున ఒక్కో బీడులో కొన్నాళ్లు ఆడిస్తాడు. ఫిలిం పెట్టెలు మోసేది నేను. ఆట మొదలయ్యే వేళకి నన్ను తెర వెనక గుంజకి కట్టేస్తాడు. ముందు కూర్చుంటే నా చెవులు అడ్డమట. తెర పల్చటి గుడ్డే కదా, బొమ్మ వెనక్కి కూడా దిగుతుంది. నా చదువు, నా సంస్కారం అన్నీ అక్కడ అబ్బినవే.

తొలకరికి ముందు డేరా ఎత్తేస్తాం. ఆ రోజే బహుమతులు. బహుమతి వచ్చిన పెట్టెలు నా వీపెక్కి మెట్ట మీదికి వస్తాయి. రానివి గోతిలోకి పోతాయి. ఆ తరవాత వాన, ఆ తరవాత చెదలు. బహుమతులు తేల్చేది నక్క తోకనాథం గారు. ఏటా ఒకటి భక్తి సినిమాకి, ఇంకొకటి అత్తాకోడళ్ల సినిమాకి. ఆయన రుచి పాతికేళ్ల ఊరగాయ, మారదు.

ఈసారి గోతికి సిద్ధమైనవి నా ప్రాణంలాంటి పెట్టెలు రెండు. ఒకటి దయ్యం సినిమా, 'నూతిలో గాజులు'. రెండోది 'చందమామలో సంత'. అందులో కుమ్మరులు గాదె కింద మంట పెట్టి రాకెట్టులా చందమామ మీదికి పోతారు.

భల్లయ్య దగ్గరికి వెళ్లి అడిగాను. "మావా, ఆ రెండూ గోతిలో పడితే నేను ఇక్కడి నుంచి కదలను."

"కదలకపోతే కర్ర ఉందిరా."

"కర్ర విరుగుతుంది మావా. నీ కర్ర సంగతి నాకు తెలుసు, నా వీపు సంగతి నీకు తెలుసు."

పక్కనే ఉన్న తోకనాథం గారు మూతి తిప్పారు. "దయ్యాలూ రాకెట్లూ కళా? గాడిదకేం తెలుసు గంధపు..."

"వాసన తెలియకపోవచ్చండీ. బరువు తెలుసు. మోసేది నేను."

భల్లయ్య బుర్ర గోక్కున్నాడు. ఎలుగుబంటి ఆలోచించడం చూడటానికి బాగుండదు గానీ ఫలితం బాగానే ఉంటుంది. "సరే. తోకనాథం గారూ, మీరు సభలో నిలబడి ఆ సినిమాల్లో ఏం చూశారో, ఎందుకు పనికిరావో చెప్పండి. అందరూ ఔనంటే గోతిలో పడేద్దాం."

ఆయన మొహం కాస్త వాడింది. నేను పట్టించుకోలేదు.

మధ్యాహ్నం నేను నీడలో గడ్డి నములుతుంటే తోకనాథం గారే వచ్చారు. గొంతులో తేనె.

"ఒరేయ్ గంధం, నువ్వు రసికుడివిరా. ఆ దయ్యం కథ ఒకసారి చెప్పు. చూశాననుకో! కానీ నీ నోట వినాలని."

అభిమానిని కథ చెప్పమనడం, దాహంతో ఉన్నవాడికి చెరువు చూపించడం ఒకటే. మొత్తం చెప్పేశాను. తెరకి ఎడమ పక్కన నుయ్యి. కోడల్ని అందులోకి తోసేసిన కరణం నీళ్లకి వస్తాడు. ఎడమ పక్క నుంచి గాజులు గల్లుమంటాయి. ముందు చెయ్యి, తరవాత జుట్టు...

"చాలు, చాలు," అన్నారాయన. మీసాలు వణుకుతున్నాయి.

"అసలు ఘట్టం ఇంకా రాలేదండీ."

"చాలన్నానా!" అని తోక ముడుచుకుని వెళ్లిపోయారు. ఎండకి కాబోలు అనుకున్నాను. నా తెలివి అంతవరకే.

పొద్దు వాలుతుండగా సభ కూడింది. ముందు వరసలో గేదె నల్లమ్మత్త. ఒక్క ఆటా మానదు, ఒక్క సినిమాకీ నెమరు ఆపదు. ఆవిడ కుడి కొమ్ము ఎప్పుడో విరిగిపోయింది.

తోకనాథం గారు గొంతు సవరించుకున్నారు. "నేను మొదటి వరసలో కూర్చుని, రెప్ప వెయ్యకుండా చూశాను. ఏముంది అందులో? తెరకి ఎడమ పక్కన ఒక నుయ్యి. ఎడమ పక్క నుంచి గాజుల చప్పుడు. పిల్లకుందేలు కూడా భయపడదు."

నల్లమ్మత్త నెమరు ఆపింది. డేరాలో అందరూ అటు తిరిగారు.

"నాయనా తోకనాథం, నుయ్యి నా విరిగిన కొమ్ము వైపు కదా ఉంది?"

"మీకు వయసైపోయింది అత్తా. మతిమరుపు."

"మతి మరుస్తానేమో గానీ కొమ్ము మరుస్తానా? ఇటు వైపు కొమ్ము అడ్డం లేదు కనకే ఆ నుయ్యి అంత బాగా కనబడింది. జడుసుకుని పాలు కూడా ఎగచేపాను."

"కుడి పక్కేనండీ," అంది కోడిపెట్ట. "కుడే, కుడే," అన్నాయి మేకలు.

నాకు ఒళ్లు మండింది. తోకనాథం గారు నాకు శత్రువే. అయినా అన్యాయంగా మాట పడితే చూస్తూ ఊరుకుంటానా? అదీ నా సినిమా విషయంలో!

"ఆయన చెప్పిందే నిజం!" అని ఓండ్రపెట్టాను. "ఎడమే! ప్రతి ఆటా చూశాను, నూటికి నూరుపాళ్లూ ఎడమే!"

భల్లయ్య నెమ్మదిగా నా వైపు తిరిగాడు. "నువ్వు ఎక్కణ్ణించి చూశావురా?"

"ఇంకెక్కణ్ణించి? తెర వెనక గుంజ దగ్గర నుంచి."

నల్లమ్మత్త మళ్లీ నెమరు మొదలుపెట్టి, తీరిగ్గా అడిగింది. "అయితే తోకనాథం, నువ్వు కూడా తెర వెనకే, గాడిద పక్కన కూర్చుని చూశావన్నమాట?"

"గాడిద పక్కన నేనా! ఛీ ఛీ!"

"మరి మొదటి వరసలో కూర్చుంటే నుయ్యి ఎడమకి ఎలా వచ్చింది? నీ కోసం జరిగిందా?"

భల్లయ్య ఇంకేమీ అడగలేదు. పెట్టె తెరిచి రీలు ఎక్కించాడు. "కూర్చోండి. ఇప్పుడు మొదటి వరసలోనే."

దీపం వెలిగింది. కరణం చేద పట్టుకుని వచ్చాడు. గాజులు ఒక్కసారి గల్లుమన్నాయి, అంతే. చెయ్యి ఇంకా పైకి రానేలేదు. తోకనాథం గారు కోడిపెట్ట మీంచి దూకి, డేరా తాడు తెంపుకుని బీడుకి అడ్డంపడి పోయారు. ఆ తరవాత ఆయన తోక మాత్రం పొదలో ఊగుతూ కనబడింది.

"భయం లేని సినిమా అన్నారు కదా?" అంది కోడిపెట్ట, రెక్కలు దులుపుకుంటూ.

"ఒరేయ్ గంధం," అన్నాడు భల్లయ్య, "ఈసారి బహుమతులు నువ్వే చెప్పు."

చెప్పాను. గొంతు తగ్గించలేదు. నా గొంతు తగ్గదు కూడా.

"దయ్యం సినిమాలకి మొదటి బహుమతి 'నూతిలో గాజులు'. ఆ పిల్ల బతికుండగా మొత్తుకుంటే ఊళ్లో ఒక్కడూ వినలేదు. చచ్చాక గాజులు కదిపితే ఊరంతా వింది. తోసినవాణ్ణి తప్ప ఇంకెవర్నీ ముట్టుకోలేదు. మన పెద్దమనుషుల్లో ఇంత న్యాయం ఉందా? విజ్ఞానం సినిమాలకి మొదటి బహుమతి 'చందమామలో సంత'. గాదెకి కట్టిన తాళ్లు కనబడతాయని నవ్వుతారు. కనబడనీ! చందమామ మీద బరువు ఉండదట. కుండల మూట భుజం మీంచి పైకి తేలిపోతుంది, మోసేవాడు ఖాళీ వీపుతో నడుస్తాడు. అంతకన్నా స్వర్గం గాడిదకి ఏ భక్తి సినిమాలో చూపించారో చెప్పండి! ఎవరైనా నవ్వాలనుకుంటే నా వెనక కాళ్ల దగ్గరికి వచ్చి నవ్వండి."

ఎవరూ రాలేదు. నల్లమ్మత్త "రెండూ ఎక్కించు భల్లయ్యా" అంది. భక్తి పెట్టెనీ, అత్తాకోడళ్ల పెట్టెనీ కూడా గోతిలో పడెయ్యనివ్వలేదు నేను. నాలుగూ మోశాను. మెట్ట ఎక్కేటప్పుడు చందమామ చాలాసార్లు గుర్తొచ్చింది.

కథకి నీతి ఉండాలంటారు కనక: భయపడ్డానని ఒప్పుకోలేనివాడు భయానికి తీర్పరిగా కూర్చోకూడదు.

పై బీడులో భల్లయ్య నన్ను గౌరవంగా ముందు వరసలో, చెవులు వంచి కట్టి, కూర్చోబెట్టాడు. నుయ్యి కుడి పక్కకి వెళ్లిపోయింది! తప్పు రీలు వేశావని పోట్లాడి, మళ్లీ నా గుంజ దగ్గరికే వెళ్లిపోయాను. ఒకటే నుయ్యి అటు నుంచి కుడి, ఇటు నుంచి ఎడమ ఎలా అవుతుందో భల్లయ్య ఇప్పటికీ ఓపిగ్గా చెబుతూనే ఉన్నాడు. నాకు ఇంకా అర్థం కాలేదు.