అచ్చాయి పాతిన పుల్లలు

గోదారికి గట్లు లేని కాలం. వరదకు అడ్డు చెప్పేవాడు ఇంకా పుట్టని కాలం. ఆ కాలంలో ఏటి నడుమ ఒక లంక, ఆ లంకలో అచ్చాయి అని ఒక మనిషి. మేకలు కాసుకునేది. పిల్లాజెల్లా లేరు. జానెడు భూమి లేదు. నోరు మాత్రం ఉంది.

ఆ లంకలో ఒండ్రుచుక్క అని ఒక పువ్వు పూసేది. గోటంత పువ్వు, నీలంగా ఉండేది. వరద తీశాక తొమ్మిది రోజులే కనిపించేది. అచ్చాయి చిన్నప్పుడు లంకంతా పూసేదట. తర్వాత పొగాకు తోటలు వచ్చాయి, నాగళ్ళు వచ్చాయి. చివరికి పల్లపు బీడు ఒక్కటే మిగిలింది. దాన్నీ దున్నించమని జమీందారు తన భూముల వ్యవహారం చూసే పేష్కారుకు చెప్పాడు. ఆ పేష్కారు పేరేమిటని నన్నడగకండి, ఎవరూ గుర్తు పెట్టుకోలేదు.

అచ్చాయి పడవెక్కి పేష్కారు దగ్గరికి వెళ్ళింది.

"ఆ బీడు వదిలేయండి బాబూ. ఒండ్రుచుక్కకి ఇంక వేరే చోటు లేదండి."

"అది కూరకి పనికొస్తుందా?"

"రాదండి."

"మందుకి?"

"రాదండి."

"పోనీ, పూజకి?"

"కోస్తే అప్పుడే వాడిపోద్దండి. ఎందుకూ పనికిరాదు. దాని బతుకు అది బతుకుద్ది, అంతేనండి."

పేష్కారు కడుపుబ్బ నవ్వాడు. "వరద తియ్యగానే నాగళ్ళు దిగుతాయి. పోయి నీ పువ్వుకి చెప్పుకో."

అచ్చాయికి ఒళ్ళు మండింది. మండదూ మరి?

లంకవాళ్ళ పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. వరద వచ్చిందంటే హద్దులన్నీ ఒండ్రు కింద పూడిపోతాయి. అందుకని నీళ్ళు తీయగానే ఎవరి చోట వాళ్ళు రెల్లుపుల్ల పాతుకుంటారు. పాతిన పుల్లను పాతినవాళ్ళే పీకాలి. దాని మీదుగా నాగలి పోదు. అన్నదమ్ములు తలలు పగలగొట్టుకున్న రోజున కూడా ఒకరి పుల్ల జోలికి ఒకరు పోరు.

ఆ ఏడు వరద తీసింది. అచ్చాయి పుల్లల మోపు నెత్తిన పెట్టుకుని బీడులో దిగింది. మొదటిరోజు వెతికింది. ఒక్క పువ్వు లేదు. రెండోరోజు వెతికింది. ఒక్క పువ్వు లేదు. మూడోరోజు బురదలో మోకాళ్ళ మీద పాకుతూ వెతికింది. తుంగ దుబ్బు చాటున ఒకటి కనిపించింది. దాని పక్కన ఇంకొకటి. కళ్ళు అలవాటు పడ్డాక బీడంతా కనిపించాయి. అచ్చాయి ఏడ్చింది, నవ్వింది, పువ్వుకో పుల్ల పాతింది.

నాగళ్ళు వచ్చాయి. పుల్లలు చూసి ఆగిపోయాయి.

"పీకి పారేయండ్రా!" అని పేష్కారు అరిచాడు.

"పాతినోళ్ళే పీకాలండి," అన్నారు పాలేర్లు.

"భూమి లేనిదానివి, నీకు పుల్లేమిటే? పీకు!"

"నా చేతులకి పాతడమే వచ్చండి. పీకడం ఎవరూ నేర్పలేదు," అంది అచ్చాయి.

పేష్కారు తనే పీకుదామంటే బురదలో దిగాలి. జరీ పంచె దిగనిస్తుందా? దిగి పీకినా, ఆ తర్వాత నాగలి పట్టేవాడు ఉండడు. "నువ్వు చచ్చిన ఏడు దున్నిస్తాను చూడు," అని పళ్ళు కొరుక్కుంటూ పోయాడు.

ఆ తర్వాత ప్రతి వరదకీ అచ్చాయి బీడులో దిగింది. జుట్టు నెరిసినా వెతికింది. నడుం వంగినా వెతికింది. చూపు పోయాక చేత్తో తడుముతూ వెతికింది. తను పోతే ఆ పువ్వులకు దిక్కెవరన్నదే ఆవిడ దిగులు. ఆ దిగులుతోనే ఒక వేసవిలో కన్నుమూసింది.

వరద తీసిందో లేదో, పేష్కారు నాగళ్ళతో దిగాడు. చూస్తే బీడు నిండా పుల్లలే!

"ఎవడ్రా పాతింది?"

"అచ్చాయండి," అన్నాడు పడవవాడు.

"అచ్చాయండి," అన్నారు ఆడవాళ్ళు.

"అచ్చాయేనండి," అన్నారు పాలేర్లు. వాళ్ళ చేతులకు ఇంకా బురద ఆరలేదు.

"అది చచ్చి మూడు నెలలైందిరా!"

"అయితే మరెలాగండి? పాతినావిడే పీకాలి కదండి. కబురు పెట్టి పిలిపించండి."

పేష్కారు విసవిసా పోయి పడవెక్కాడు. నాగళ్ళు వెనక్కి తిరిగాయి.

ఇప్పటికీ ఆ లంకలో వరద తీయగానే జనం బురదలో దిగి ఒండ్రుచుక్కల కోసం వెతుకుతారు. కనిపించిన ప్రతి పువ్వు పక్కనా ఒక పుల్ల పాతుతారు. ఎవరైనా పెద్దమనిషి వచ్చి ఇవెవరు పాతారని గద్దించాడా, పండు ముసలివాళ్ళ దగ్గర్నుంచి అప్పుడే మాటలు నేర్చిన పిల్లల దాకా ఒకటే జవాబు.

"అచ్చాయి పాతింది. ఆవిణ్ణే పీకమనండి."