కోటంతటికీ ఒకే పథ్యం

చింతలగిరి రాజు రంగభూపతికి మధుమేహం అదుపులోకి వచ్చింది. కోటలో అందరికీ కష్టాలు మొదలైంది ఆ రోజునుంచే.

అంతకుముందు ఆయన అరికాళ్లు మొద్దుబారి, కళ్లు మసకబారి, దాహం దాహమంటూ మంచానికి అతుక్కుపోయి ఉండేవారు. రాజవైద్యుడు భైరవభట్లు వచ్చి అరిసెలు, పరమాన్నం, వరి అన్నం అన్నీ మాన్పించాడు. కొర్రన్నం, ఉలవకట్టు, బెల్లం వెయ్యని కాకరకాయ కూర, నానబెట్టిన మెంతులు పెట్టించాడు. పొద్దున్నే కోట చుట్టూ నడిపించాడు. కొన్నాళ్లకు రాజుగారు మళ్లీ గుర్రమెక్కారు.

గుర్రం దిగీ దిగగానే ఆజ్ఞ జారీ చేశారు.

"ఇంత గొప్ప పథ్యం నేనొక్కణ్ణే తింటే ఏం న్యాయం? రేపటినుంచి కోటలో అందరూ ఇదే తినాలి. కాదన్నవాళ్లు కోట వదిలి పోవచ్చు!"

భైరవభట్లు పక్కనే ఉన్నాడు. 'ఇది మధుమేహానికి మాత్రమే ప్రభూ' అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ అప్పుడే రాజుగారు ఆయన్ని అందరి ముందూ 'అపర ధన్వంతరి' అన్నారు. ఆ మత్తులో మీసం దువ్వుకుని, "నా పథ్యం ఎవరికైనా పనిచేస్తుంది ప్రభూ!" అనేశాడు.

రాజుగారి ఉత్తరాలు రాసే రాయసం గవర్రాజు కూడా అక్కడే ఉన్నాడు. మాటకారి, అంతకు మించి భోజనప్రియుడు. మర్నాడు కొర్రన్నం ముందు కూర్చుని, నెయ్యి గిన్నె ఏ మూలనైనా ఉందేమోనని చాలాసేపు వెతుక్కున్నాడు. తన ఆకలి మీద తనే నాలుగు ఛలోక్తులు వేసుకుని సరిపెట్టుకున్నాడు.

కానీ సేనను నడిపే దళవాయి జ్వరం పడి లేచి, ఒంట్లో సత్తువ లేక తూలిపోతుంటే గవర్రాజుకు నవ్వు రాలేదు. ఇంతలో రాణిగారు పిలిపించారు.

"రాయసంగారూ, పురుటికొచ్చిన మా చిన్నమ్మాయికి కూడా అదే కొర్రన్నం, అదే కాకరకాయ! నెయ్యి లేదు, పాలు లేవు, వెల్లుల్లి కారం లేదు. పాలు చాలక పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. భట్లుగారిని అడిగితే, 'నా పథ్యాన్ని శంకిస్తే ప్రభువుల ఆరోగ్యాన్ని శంకించినట్టే' అంటారు. రాజుగారేమో ఆజ్ఞ ఆజ్ఞే అంటారు."

లోపలినుంచి పసివాడి ఏడుపు వినిపించింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

గవర్రాజు లెక్క వేసుకున్నాడు. ఆజ్ఞను కాదంటే కోట వదిలి పోవాలి. కాదనకుండానే కాదనిపించాలి.

"అమ్మా, రేపు సభకు మంత్రసాని ఎరకమ్మను పంపించండి. బాలింత సరంజామా అంతా తెమ్మనండి."

మర్నాడు సభలో రాజుగారు భైరవభట్లుకు శాలువా కప్పబోతుంటే గవర్రాజు లేచి చేతులు జోడించాడు.

"ప్రభూ, భట్లుగారిని చిన్న సందేహం అడగొచ్చా?"

"అడుగు!"

"అయ్యా, ప్రభువుల పథ్యం బాలింతకు కూడా సరిపోతుందా?"

"నిక్షేపంగా!"

"అంటే పథ్యానికి ఆడా మగా, రోగీ బాలింతా తేడా లేదన్నమాట."

"నా వైద్యంలో లేదు."

"అలాగైతే ఒకరి పథ్యం ఇంకొకరు తిన్నా ఇబ్బంది లేదు కదా?"

భట్లు ఒక్క క్షణం తడబడ్డాడు. కానీ సభంతా తననే చూస్తోంది. "ఏ ఇబ్బందీ లేదు" అన్నాడు.

"ఆ మాట నిజమని తమరే తిని చూపిస్తే ఇక కోటలో నోరెత్తే వాడుండడు!"

"భేష్! కానివ్వండి!" అన్నారు రాజుగారు ఉత్సాహంగా.

గవర్రాజు చప్పట్లు కొట్టాడు. ఎరకమ్మ ఇద్దరు ఆడవాళ్లతో లోపలికొచ్చింది. భట్లు 'ఇదేమిటి' అనేలోపే చెవుల్లో దూది కుక్కింది. తలకు గుడ్డ చుట్టింది. పొట్ట చుట్టూ పాత చీర బిగించి కట్టింది. కుర్చీ కింద సాంబ్రాణి పొగ వేసింది.

"నోరు తెరవండి బాబూ" అంటూ బాలింతలకు పెట్టే ఘాటు మందు, నిమ్మకాయంత కాయం ఉండ నోట్లో పెట్టింది. దాని వెనకే వెల్లుల్లి కారం, నెయ్యి కలిపిన అన్నం ముద్ద.

భట్లు కళ్లలో నీళ్లు తిరిగాయి. ముక్కు ఎర్రబడింది. పొగకు దగ్గు ముంచుకొచ్చింది. సభలో వాళ్లు ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"కడుపు మాడ్చుకోకూడదు బాబూ, ఇంకో ముద్ద. పాలు పడాలా వద్దా?" అంది ఎరకమ్మ.

భట్లు ఎగిరి లేచాడు. "ఆపండి! ఇదంతా నాకెందుకు? నేనేమైనా బాలింతనా?"

గవర్రాజు వినయంగా వంగాడు.

"చిన్నమ్మగారికేమైనా మధుమేహమా అయ్యా?"

భట్లు మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు.

రాజుగారి ముఖం మారింది. "గవర్రాజూ, పసివాడు రాత్రంతా ఏడుస్తున్నది అందుకా?"

"తల్లికి కడుపు నిండితేనే బిడ్డకు కడుపు నిండుతుంది ప్రభూ."

రాజుగారు అప్పటికప్పుడే ఆజ్ఞ రద్దు చేశారు. భైరవభట్లు తల గుడ్డ విప్పి ముందుకొచ్చాడు. "తప్పు నాదే ప్రభూ. పొగడ్త వినేసరికి చదివింది మరిచిపోయాను. బాలింతకు నెయ్యి, పాలు కావాలి. జ్వరం నుంచి లేచినవాడికి జావతో మొదలుపెట్టి బలమైన తిండి పెంచుతూ పోవాలి. ఎవరి ఒంటికి తగ్గది వాళ్లకు నేనే రాసిస్తాను."

"బాగుంది, బాగుంది" అంటూ రాజుగారు గొంతు తగ్గించి ముందుకు వంగారు. "అందరికీ సడలించాక నాకూ... ఒక్క అరిసె?"

"కుదరదు ప్రభూ!" అన్నారు రాయసం, వైద్యుడు ఒక్క గొంతుతో.

రాజుగారు ముందు నొచ్చుకున్నారు. తరవాత సింహాసనం చేతిని చరుస్తూ పకపకా నవ్వారు. సభంతా ఆ నవ్వులో కలిసింది. రాజుగారు తన మెడలోని ముత్యాల హారం తీసి గవర్రాజు మెడలో వేసి అన్నారు:

"ఈ పూట నీకు నెయ్యీ పప్పూ పాయసంతో విందు. నా కంటబడకుండా తిని పో!"