గవరయ్య ఇంటి బాయిలరల్లుడు

చలిమెట్ట కొండమీద గవరయ్య ఇల్లంత తెలివైన ఇల్లు మరోటి లేదు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు. గవరయ్య, ఆయన భార్య సన్యాసమ్మ, తమ్ముడు ఎర్రయ్య, ముగ్గురూ రోజూ భోజనాల దగ్గర తమలో తామే అనుకునేవాళ్ళు. ఓసారి సన్యాసమ్మ, "పాలు పొంగుతాయేమో సూస్తుండు ఎర్రయ్యా" అని నీళ్ళకి వెళ్ళింది. ఎర్రయ్య చూశాడు. పొంగడం చూశాడు, కారడం చూశాడు, పొయ్యి ఆరిపోవడం కూడా చూశాడు. "రెప్పెయ్యలేదొదినా!" అన్నాడు. "బాధ్యతంటే అదీ!" అని ముగ్గురూ మురిసిపోయి ఆ పూట ఉత్త అన్నం తిన్నారు.

ఇంత తెలివిలోనూ సన్యాసమ్మకి ఒకటే దిగులు. కూతురు నూకరత్నం పెళ్ళయి వెళ్ళాక పుట్టింటి గడప తొక్కలేదు. అల్లుడు కనకలింగంది కొత్తగూడెం. బొగ్గు గనుల్లో ఉద్యోగం, ఎండలకి అలవాటుపడ్డ ఒళ్ళు. ఈ కొండ చలికి పెళ్ళిపీటల మీద అతను తుమ్మిన తుమ్ముకి పురోహితుడు మంత్రం మర్చిపోయాడు. ఇప్పుడు బతిమాలగా బతిమాలగా వస్తానన్నాడు కాని షరతు పెట్టాడు. "మీ ఇంట్ల ఒక్క తుమ్ము తుమ్మిన్నంటే, నీ బిడ్డను తోలుకొని గదే బస్సుకు ఎనక్కి పోత మామా!"

ఇంకేముంది! ఇల్లు వెచ్చగా ఉండాలి. కాఫీతోట బంగళా పడగొడుతుంటే గవరయ్య అక్కడి పాత బొగ్గు బాయిలర్ కొనుక్కొచ్చాడు. నాలుగు కాళ్ళ మీద గుండ్రటి ఇనప పొట్ట, ముందు తలుపున్న నోరు. ఆ నోట్లో చేత్తో బొగ్గు వేస్తుంటే లోపల నీళ్ళు కాగి, గొట్టాల్లో తిరిగి, గదులన్నీ వేడెక్కుతాయి. దాన్ని బిగించిన మేస్త్రి సూరీడు వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పాడు.

"ఇది మహా మొండిది గవరయ్యా. కొత్తల్లుణ్ణి సూసుకున్నట్టు సూసుకోవాల. ఏలకి పెట్టాల, సేత్తో పెట్టాల, అలగనీకూడదు. నానొచ్చి మళ్ళీ సూస్తాను."

అంతే. సన్యాసమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి బాయిలర్ కాళ్ళు నాలుగూ కడిగి హారతిచ్చింది. ఎర్రయ్య దానికి కొత్త పంచె కట్టాడు. నిప్పు రాజెయ్యగానే పంచె కాస్తా కాలిపోయింది. "అయ్యో, ఆడకూతురుంది గదా ఇక్కడ!" అని సన్యాసమ్మ మొహం తిప్పేసుకుంది.

తరవాత భోజనం. అరిటాకు వేసి బొగ్గులు వడ్డించారు. గవరయ్య కుడిచేత్తో ఒక్కో ముక్కా నోటికందించాడు. అల్లుడు చాలు అనేదాకా వడ్డించడం మర్యాద. ఇది చాలు అనదే!

"మొగమాటం బాబుకి. కొసరి కొసరి పెట్టండి" అంది సన్యాసమ్మ. కొసరారు. బస్తాలో సగం పైనే అయిపోయింది. గొంతుదాకా నిండి గాలాడక మంట చచ్చిపోయింది. గొట్టాలు మంచుముక్కలయ్యాయి.

"అలిగాడు!" అన్నాడు ఎర్రయ్య.

అలిగిన అల్లుడికి కానుకివ్వాలి కదా. నోట్లో ముద్ద ఉండగా కానుకెలా పుచ్చుకుంటాడని బొగ్గంతా బయటికి లాగారు. ఎర్రయ్య తన చేతి గడియారం విప్పి నోట్లో వేశాడు. ఉలుకూ పలుకూ లేదు. సన్యాసమ్మ ఓ నేతి బూరె వేసింది. అడుగున మిగిలిన నిప్పుకి ఆ నెయ్యి తగిలి భగ్గుమంది!

"సూశారా! బాబుకి బొగ్గు సయించలేదు, బూరెలు కావాల!" అంది సన్యాసమ్మ.

ఇంకేముంది! కనకలింగం కోసం వండినవన్నీ, బూరెలు, గారెలు, సున్నుండలు, ఒక్కొక్కటే బాయిలర్ పొట్టలోకి పోయాయి. ఆఖరి సున్నుండ కాలి బూడిదయ్యేసరికి అసలు అల్లుడు బస్సు దిగాడు, రెండు స్వెట్టర్లూ కోతిటోపీ వేసుకుని, పక్కన నూకరత్నంతో.

"మెల్లగా రండి బాబూ" అన్నాడు గవరయ్య గుసగుసగా. "మీ తోడల్లుడు ఇప్పుడే తిని పడుకున్నాడు."

నూకరత్నం కూడా ఆ ఇంటి పిల్లే కదా, గొల్లుమంది. "నాకు సెల్లి పుట్టిందని ఒక్క ముక్క రాయనేదేటే అమ్మా! పెళ్ళి కూడా సేసేశారా!" తల్లీకూతుళ్ళు కావిలించుకుని ఏడ్చారు. ఎందుకేడవాలో సన్యాసమ్మకి తెలీదు. ఇన్నాళ్ళకి కూతురు చేతికందింది, అది ఏడుస్తోంది, అందుకని తనూ ఏడ్చింది.

"గిదేంది మామా! ఇల్లు ఎచ్చగుంటదంటివి, నేను సలికి సస్తున్న!" అన్నాడు కనకలింగం. అతని ముక్కు అదురుతోంది.

అదృష్టం బాగుండి అప్పుడే మేస్త్రి సూరీడు వచ్చాడు. బాయిలర్ నోట్లో గడియారం చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఓరి మీ తెలివి తగలెయ్య! ఇది బాయిలర్రా! అల్లుడు ఈయన! దీనికి సేసినవన్నీ ముందు ఈయనకి సెయ్యండి!" అని కసిరి, మంట రాజెయ్యడానికి చితుకుల కోసం కొండ దిగువకి వెళ్ళాడు.

అంతే. సన్యాసమ్మ చన్నీళ్ళతో అల్లుడి కాళ్ళు కడిగింది. "రెండే ఉన్నాయేటి?" అన్నాడు ఎర్రయ్య. అయితే రెండుసార్లు కడుగుదామంది సన్యాసమ్మ. స్వెట్టర్ల మీద ఇంకో కొత్త పంచె చుట్టి, అరిటాకు వేసి, దానిమీద బొగ్గులు వడ్డించారు.

"గిది బొగ్గు మామా!"

"మీ కొత్తగూడెందే బాబూ, మొగమాటపడకండి" అంటూ గవరయ్య అగ్గిపుల్ల గీశాడు.

కనకలింగం పంచె ఎగ్గట్టి పరుగందుకున్నాడు. ఇంటిచుట్టూ అతను, అతని వెనక అగ్గిపుల్లతో మామ. చివరికి వాకిట్లో కూలబడి నోరు తెరిచి రొప్పుతుంటే, ఆ చలిగాలిలో నోట్లోంచి తెల్లటి ఆవిరి వచ్చింది.

"పొగ! పొగొస్తంది!" ఎర్రయ్య గంతులేశాడు. "అల్లుడు అంటుకున్నాడు!"

అందరూ చుట్టూ కూచుని చేతులు చాపి చలి కాచుకున్నారు. "ఎంత ఎచ్చగుందే అమ్మా!" అంది నూకరత్నం.

అప్పుడు కనకలింగం తుమ్మాడు. కొండంతా వినబడింది.

సన్యాసమ్మ చటుక్కున లేచింది. ఇంకేముంది, పిల్లని తీసుకుపోతాడు. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. కనకలింగం లేచి నిలబడ్డాడు. "రత్నం, నడువ్..." అని నోరు తెరిచాడు.

"ఆరిపోతన్నాడు! మేత, మేత!" అని గవరయ్య కుడిచేత్తో ఓ బొగ్గుముక్క ఆ నోట్లో పెట్టేశాడు.

కనకలింగం బొగ్గు అడ్డంపడ్డ నోటితో ఏదో అన్నాడు. చాలాసేపే అన్నాడు.

"ఏటంటన్నాడే?" అంది సన్యాసమ్మ.

నూకరత్నం శ్రద్ధగా విని, "ఇంకో వారం ఉందామంటన్నాడమ్మా" అంది.

సన్యాసమ్మ కళ్ళు తుడుచుకుంది. "మా బాబే! మరి చాలు అన్నాడేటి?"

"చాలు అని మట్టుకు అన్లేదు."

"అయితే సూస్తారేటండీ, కొసరి ఇంకోటి పెట్టండి!"